కుడివైపుకే తిరిగే పలక

శ్రీమతికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ కాబట్టి పెడుతున్నాను గానీ, అందులో నీ వైపు కుశలమే నిండుగా ఉంది. నా వైపుది అరకొర. ఒంట్లో జ్వరం లేదు, ప్రాణానికి ఢోకా లేదు, మనసు మాత్రం సలసల కాగుతోంది. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనెత్తితే మూడో మాటకి మనిద్దరికీ పోట్లాటే. ఉత్తరంలో అయితే నువ్వు అడ్డం రాలేవు, నేను గొంతు పెంచలేను. దూరం వెళ్ళినప్పుడల్లా మనం ఉత్తరాలు రాసుకోబట్టే ఈ కాపురం ఇన్నాళ్ళు నిలిచిందని నా గట్టి నమ్మకం.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. ఉన్ని మేజోళ్ళు వేసుకుంటున్నాను. బీపీ మాత్ర మర్చిపోవడం లేదు. మర్చిపోదామన్నా మీ చెల్లెలి మొగుడు మర్చిపోనివ్వడు. తిండి సంగతి అడక్కు. పలచటి సూపు, ఉడకేసిన కూరముక్కలు. ఇంకాస్త ఉప్పు అడిగితే వంటాయన నన్ను దొంగని చూసినట్టు చూస్తాడు. ఇక్కడ ఉప్పంతా సముద్రంలోనే ఉంది, అది మాత్రం రోజూ కడుపునిండా తాగాను. గది వెచ్చగా ఉందా అన్నావు. కిటికీ అద్దం చుట్టూ పుట్టీ ఎండి రాలిపోయింది, ఆ సందులోంచి గాలి ఈల వేస్తోంది. నా దగ్గర పనిముట్లు ఉంటే టీ తాగేలోపు బాగుచేసేవాణ్ణి. గది అద్దెకిచ్చిన ఇంటావిడకి చెబితే, "సముద్రపు గాలండీ, ఆరోగ్యానికి మంచిది" అంది. ఈ ఊళ్ళో ఏ తప్పు ఎత్తిచూపినా ఆరోగ్యానికి మంచిదే.

మన అద్దాల షాపులో అద్దం మోసేటప్పుడు నేను ఈమధ్య ఎప్పుడూ ఒకవైపే నిలబడుతున్నానని, ఎందుకని మీ తమ్ముడు అడిగాడని రాశావు. దానికి జవాబు కిందెక్కడో రాస్తాను. ముందు నా కోపం కాస్త దిగనీ.

మీ చెల్లెలి మొగుడు డ్రిల్లు మాస్టారన్న సంగతి పెళ్ళిచూపుల్లోనే తెలుసు. అయినా మీవాళ్ళు పిల్లనిచ్చారు, అనుభవిస్తున్నది నేను. చలికాలం సెలవుల్లో సముద్రం మీద పలకేసుకుని అలలెక్కడం, అదే ఆ సర్ఫింగు, ఏమిటని మన బంధువుల్లో ఒక్కరూ అడగలేదు. పైగా నువ్వు కూడా, "వెళ్ళిరండి, షాపులో ఎలాగూ పని మందంగా ఉంది" అన్నావు. అతను నన్ను బస్సెక్కించిన దగ్గర్నుంచీ ఊదరగొడుతూనే ఉన్నాడు. "అన్నయ్యా, చన్నీళ్ళలో గుండె గుర్రంలా పనిచేస్తుంది. పలకమీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోస్తుంటే భుజాలు ఉక్కులా అవుతాయి. నిలబడితే నడుం, మోకాళ్ళు, పిక్కలు అన్నిటికీ పనే. రాత్రి పడుకుంటే మొద్దునిద్ర. వేసవిలో అయితే అలలు పిల్లకాయల ఆట. అసలు లాభమంతా చలికాలంలోనే." గుర్రం ఏమోగానీ మొదటిరోజు నీళ్ళలో దిగగానే నా గుండె గాడిదలా మొండికేసి ఆగినంత పనైంది.

వెట్‌సూట్ అని ఒకటిచ్చారు. ఒంటికి అతుక్కుపోయే నల్లటి రబ్బరు దుస్తులు. తొడుక్కోవడానికి ఒకరు, విప్పడానికి ఇద్దరు సాయం కావాలి. అది వేసుకుని అద్దంలో చూసుకుంటే, గాలి ఎక్కువైన ట్యూబులా ఉన్నాను. నేర్పే అమ్మాయికి మన పెద్దదాని వయసుంటుంది. మొదటిరోజే, "బాబాయ్, భయపడకండి, సముద్రం మిమ్మల్ని తినదు" అంది. తినదు నిజమే, నములుతుంది.

ఇంతకీ నా గోల ఏమిటంటే, నాకిచ్చిన పలక తిన్నగా పోదు. బోర్లా పడుకుని రెండు చేతులతో నీళ్ళు తోస్తే ముందుకి పోవాలి కదా. నాది కుడివైపుకి తిరిగి, గానుగెద్దులా అక్కడక్కడే చుట్లు కొడుతుంది. పక్కన కాలేజీ పిల్లలు, డెబ్బై దాటిన ఒక పెద్దావిడ, అందరూ అలలదాకా వెళ్ళిపోతున్నారు. నేను మాత్రం ఒడ్డుని, సముద్రాన్ని, మళ్ళీ ఒడ్డుని చూస్తూ తిరుగుతున్నాను. పలక మార్చమన్నాను. మార్చారు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. అప్పుడు నా వృత్తిబుద్ధి పైకొచ్చింది. పలకని ఇసుకలో నిలబెట్టి, ఒక కన్ను మూసి, కిటికీ చట్రం చూసినట్టు అంచు వెంబడి చూశాను. ఇంటావిడ దగ్గర దారం అడిగి తెచ్చి ఈ చివరనుంచి ఆ చివరకి లాగి పట్టాను. వంకర ఉందని తేల్చేశాను. నలుగురి ముందూ ఆ అమ్మాయితో, "మీరిచ్చే పలకలన్నీ వంకరే, నా జీవితంలో వంకర చట్రం కనిపెట్టలేకపోవడం అంటూ జరగలేదు" అని గట్టిగానే అన్నాను.

ఆ పిల్ల అదే పలకేసుకుని దారం లాగినట్టు తిన్నగా వెళ్ళి, ఒక అలనెక్కి, తిన్నగా ఒడ్డుకొచ్చింది. మర్నాడు నన్ను పక్కకి పిలిచింది. "బాబాయ్, నేను నిన్నంతా మిమ్మల్నే చూశాను. తప్పు పలకది కాదు. మీ కుడిచెయ్యి నీళ్ళని తొయ్యట్లేదు, ఊరికే తడుస్తోంది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆ మాట అన్నందుకు మధ్యాహ్నందాకా అన్నం సహించలేదు, సాయంత్రం వెళ్ళి క్షమించమని అడిగాను. ఆ సంగతి మీ చెల్లెలి మొగుడికి తెలియదు, తెలియనివ్వకు.

ఇక్కడ లాభాలేమీ లేవని అనను. అబద్ధం ఆడితే కళ్ళు పోతాయి. ఇంటి దగ్గర దొర్లీ దొర్లీ పట్టని నిద్ర ఇక్కడ దిండుమీద తల పెట్టగానే పడుతోంది. బెల్టు ఇంకో రంధ్రం లోపలికి పోయింది. ఒడ్డునుంచి రోడ్డుకి ఎక్కే మెట్లు మొదట్లో మూడుసార్లు ఆగి ఎక్కేవాణ్ణి, ఇప్పుడు కబుర్లు చెబుతూ ఎక్కుతున్నాను. బీపీ కూడా దిగింది. ఒకసారైతే ఆ అమ్మాయి పలకని వెనకనుంచి తోసింది, నేను నిజంగానే నిలబడ్డాను. నాలుగు గుటకలు వేసేంతసేపు. కాళ్ళకింద నీళ్ళు పరుగెడుతుంటే నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. నువ్వు చూసి ఉంటే బాగుండుననిపించింది. నడుం బాగుపడింది, మోకాళ్ళు బాగుపడ్డాయి, నేను దేనికోసం వచ్చానో అదొక్కటే బాగుపడలేదు. అందుకే నాకింత ఉక్రోషం.

ఇప్పుడు చెబుతాను. కూర్చుని చదువు.

వానలు వెనకబట్టిన దగ్గర్నుంచీ నా కుడిచెయ్యి నా మాట వినడం లేదు. మెడనుంచి భుజం మీదుగా వేళ్ళదాకా ఏదో జరజరా పాకుతుంది. ఆ తర్వాత ఒక్క క్షణం పట్టు పోతుంది. నొప్పి పెద్దగా లేదు, నొప్పి ఉన్నా బాగుండేది, నువ్వు కనిపెట్టేసేదానివి. గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటున్నానేమని నువ్వు ఒకసారి అడిగితే, మార్పు మంచిదన్నాను. అద్దానికి నేను ఒకవైపే నిలబడుతున్నది అందుకే. అటువైపు నిలబడితే కింద బరువు పట్టేది ఎడమచెయ్యి. కుడిచెయ్యి పైన ఊరికే ఆనించి ఉంటుంది. మీ తమ్ముడికి కళ్ళున్నాయి, వాడు కనిపెట్టాడు. నీకు చెప్పలేదు, వాడికీ చెప్పలేదు. భుజాలు ఉక్కులా అవుతాయని మీ చెల్లెలి మొగుడు అన్నాడు చూడు, నేను ఈ చలికాలపు పిచ్చికి ఒప్పుకున్నది ఆ ఒక్కమాట కోసం. అతను నన్ను బలవంతాన లాక్కొచ్చానని అనుకుంటున్నాడు. చలి తగ్గగానే ఆసుపత్రి మెట్లదారిలో ఆ పెద్ద అద్దాలు ఎక్కించాలి కదా. యంత్రం పట్టని చోటు, మనుషులే మోసుకెళ్ళాలి. ఈ లోపల ఉప్పునీళ్ళు, వ్యాయామం ఏదో ఒకటి నన్ను బాగుచేస్తుందని, ఎవరికీ తెలియకుండా పాత మనిషినై తిరిగొస్తానని ఆశపడ్డాను.

మొన్న మా తోడల్లుడూ నేనూ పలక చెరోచివరా పట్టుకుని నీళ్ళవైపు నడుస్తున్నాం. నా చెయ్యి వదిలేసింది. నేను వదల్లేదు, అదే వదిలేసింది. పలక అంచు అతని పాదం మీద పడింది. కింద కూర్చుండిపోయి, మొహమంతా నొప్పితో ముడుచుకుపోయినా, "నాదే తప్పన్నయ్యా, నేనే తొందరపడి నడిచాను" అన్నాడు. నేను కాదని అనలేకపోయాను. ఇన్నాళ్ళూ అతన్ని ఎన్ని మాటలన్నానో అన్నీ గుర్తొచ్చాయి. ఎముక విరగలేదులే, వాచింది, కుంటుతున్నాడు, కుంటుతూ కూడా నాకు ఆరోగ్యసూత్రాలు చెబుతూనే ఉన్నాడు.

కట్టు కట్టించడానికి అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అతను బయట చెప్పులు తొడుక్కుంటుంటే నేను లోపలే ఉండిపోయి నా చెయ్యి చూపించాను. డాక్టరమ్మ తన రెండు వేళ్ళు నా గుప్పిట్లో పెట్టి గట్టిగా నొక్కమంది. నొక్కాను. "ఇంకా గట్టిగా" అంది. నేను అప్పటికే బలమంతా పెట్టి నొక్కుతున్నాను. మెడదగ్గర నరం నొక్కుకుపోతున్నట్టుందని, ఇంటికెళ్ళగానే స్కానింగు తీయించుకోమని, అందాకా బరువులెత్తొద్దని చెప్పింది. బాగుపడొచ్చునట. పడకపోవచ్చు కూడానట. చేత్తో నీళ్ళు తొయ్యడం కూడా ఆపమంది, కాబట్టి ఇప్పుడు నేను ఒడ్డున కూర్చుని అందరి చెప్పులకీ కాపలా కాస్తున్నాను.

మన షాపులో కట్టుబాటు నీకు తెలుసు. అద్దం మోసేటప్పుడు చెప్పకుండా చెయ్యి తీయకూడదు. ముక్కుమీద ఈగ వాలినా సరే, ముందు నోటితో "దించు" అనాలి, అవతలివాడు "ఊఁ" అన్నాకే వేలు కదపాలి. మీ తమ్ముడు పనిలో చేరిన రోజున వాడికి అది నేర్పింది నేనే. ఇప్పుడు నా చెయ్యి నాకే చెప్పకుండా వదిలేస్తోంది, ఇక అవతలివాడికి నేనేం చెప్పను? ఇక్కడ పడింది పలక. అక్కడ మెట్లమీద నాకు దిగువన నిలబడేది మీ తమ్ముడు. వాడి కూతురు ఇంకా పాకడం కూడా నేర్చుకోలేదు. పలక పడ్డప్పట్నుంచీ కళ్ళు మూసుకుంటే ఇదే.

నాకు భయంగా ఉంది. అద్దం మొయ్యకపోతే నేనెవర్నో నాకు తెలియదు. కౌంటరు వెనక కూర్చుని కొలతలు రాసుకోవడం నీ పని, అందులో నువ్వు నన్ను రెండు రోజులు కూడా భరించలేవు. కోపమంతా ఈ చేతిమీదే, మధ్యలో పలకని, వంటాయన్ని, పాపం ఆ పిల్లని తిట్టాను.

నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. ఈ ఉత్తరం చదవగానే మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పు. నేను వచ్చి చెబుతానని ఆగకు. నా సంగతి నాకు తెలుసు. గుమ్మంలో వాడు ఎదురొచ్చి, "ఏం బావా, భుజాలు ఉక్కులా అయ్యాయా?" అంటే, నేను నవ్వి అయ్యాయిరా అనేస్తాను. ఆసుపత్రి మెట్ల దగ్గర చేతులు దులుపుకుని నా వైపు నేను పట్టుకుంటాను. వాడు నన్ను నమ్మి రెండో వైపు ఎత్తుతాడు.

ఇట్లు,
నీ భర్త, వాడికి బావ.