ఎర్ర సున్నాలో చుక్క

ప్రియమైన చిట్టితల్లికి,
మన డాబా మీది అబ్జర్వేటరీకి మళ్ళీ పంట పండింది! కొత్త గ్రహశకలం దొరికింది. ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా వచ్చేలా రంగులు తిరగేసిన ఫొటోల్లో కనిపించింది. కంప్యూటరు తెర చూస్తే కళ్ళు మండుతున్నాయని ప్రింట్లు తీసి, ఎర్ర సున్నా చుట్టి పంపుతున్నాను. లెక్కకట్టి దాని దారి తేల్చడం ఎప్పటిలాగే నీ పని. ఈసారి నీ పేరే పెడతాను. బొద్దుగా అచ్చం నీలాగే ఉంది.
ఆశీస్సులతో, అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకి,
బొద్దు సంగతి ఎదురుపడ్డాక తేల్చుకుందాం. నీ సున్నాల్లో నాకేమీ కనిపించలేదు. భూతద్దం పెట్టి మరీ వెతికాను. పోనీ నువ్వు గుర్తుపెట్టిన చోట్లు కలుపుదామంటే ఏ దారీ కుదరడం లేదు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. గ్రహశకలాలు అలా గంతులెయ్యవని నాకు నేర్పింది నువ్వే కదా!
నీ చెల్లి

చిట్టీ,
నీ కళ్ళకేమైంది? అది రోజురోజుకీ పెద్దదవుతోంది. అంటే మనవైపే వస్తోందన్నమాట. మీ వదినకి చెప్పలేదు. అన్నం సహించడం లేదు. ప్రింట్లయినా సరే ఎడమ కన్ను మూసి, టెలిస్కోపుకి ఆనించే కుడికంటితోనే చూస్తాను, ఆ కన్ను నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు. నువ్వు తేల్చకపోతే కొత్త గ్రహశకలాల్ని నమోదు చేసే కేంద్రానికి నేనే రాసేస్తాను.
అన్నయ్య

అన్నయ్యా,
కాస్త ఆగు. నువ్వు పంపిన ఫొటోలు నీ సున్నాలు చెరిపేసి నేనే మళ్ళీ ప్రింటు వేసి పంపుతున్నాను. అన్నిటి మీదా చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టు. నాదే తప్పని తేలితే నీ ముందు చెవులు పట్టుకుంటాను.
చెల్లి

చిట్టీ,
పెట్టాను, చూసుకో. చివరిదాంట్లో చుక్క తప్ప ఒక్క నక్షత్రం కూడా కనిపించలేదు. అన్నిటినీ మింగేసింది. ఇంక ఆగలేను.
అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకి,
ఈ ఉత్తరం వదిన పేరున పంపాను. ఆవిడ చదివి వినిపిస్తుంది, అడ్డుపడకుండా విను. ఫోనైతే సగంలోనే పెట్టేస్తావు.
చివరిది ఫొటో కాదు. అంచున తేదీ వేసిన ఉత్త తెల్లకాగితం. దాని మీద కూడా ఎర్ర సున్నా చుట్టావు.
నిన్ను పరీక్షించినందుకు కోప్పడు, పడతాను. ఎడమ కన్ను మూసి ఎదురుగా ఉన్న గోడ చూడు. చుక్క అక్కడా ఉంటుంది. అది ఆకాశంలో లేదన్నయ్యా, నీ కుడికంట్లో ఉంది. కేంద్రానికి రాయకు. వదినా, ఈ ఉత్తరం కింద పెట్టి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నేను బయల్దేరుతున్నాను.
ప్రపంచానికేం కాదు. నాకు భయమంతా నీ గురించే. ఆ చుక్కకి మాత్రం నా పేరు పెట్టొద్దు.
నీ చిట్టి