అలారానికి తొడిగిన గ్లౌజు

శ్రీమతిగారికి,

ఇక్కడ అందరం క్షేమం అని అలవాటుకొద్దీ రాయబోయి ఆగాను. నేనూ పాపా బాగున్నాం. మీ అన్నయ్య కోలుకుంటున్నాడు. ఆక్సిజన్ తీసేశారు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడు గానీ, ఆసుపత్రి తిండికి వంకలు పెట్టే ఓపిక మాత్రం వచ్చింది. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావనీ, నడుంనొప్పి తగ్గిందనీ అనుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. పాపకు జడలు నేనే వేస్తున్నాను. ఒకటి పైకీ ఒకటి కిందికీ వస్తున్నాయని టీచరు నవ్విందట. నువ్వు పంపిన గ్లౌజులు సరిపోయాయా అని రెండుసార్లు అడిగావు. సరిపోయాయి. మీ ఫ్యాక్టరీలో రోజుకు అన్ని జతలు కుడుతూ నా బొటనవేలు లావని గుర్తుపెట్టుకున్నావు చూడు. వాటి సంగతి ఇంకా ఉంది, రాస్తాను.

మీ అన్నయ్య గురించి, "వాడి చెవులు ఇప్పుడు కొత్తగా పోవడమేమిటి, పుట్టినప్పటినుంచీ ఎవరి మాట విన్నాడు గనక" అని రాశావు. పాప చదివి వినిపిస్తే బావ దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వడం అయ్యాక నాతో మెల్లగా అన్నాడు: "ఎడం చెవి ఎప్పుడో మందగించింది బావా, నీకు తెలుసుగా. ఇప్పుడు కుడిది కూడా పోయినట్టుంది. షెడ్డంతా దద్దరిల్లేలా అలారం మోగితే నాకు వినపడలేదంటే ఇంకేంటి చెప్పు?"

కంపెనీవాళ్ళు ఈ శుక్రవారానికి ఆయనకు చెవి పరీక్ష పెట్టారు. ఒక చెవి మందమని కాగితం మీద తేలితే చాలు, ప్రమాదానికీ దానికీ ముడిపెట్టి ఫిట్టర్ పనిలోంచి తీసేస్తారు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని. వేరే పని ఆయనకు రాదు, నేర్చుకునే వయసూ కాదు.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. కూర్చుని చదువు.

మా యాసిడ్ తొట్టి పక్క గోడకు ఒక అలారం ఉంది. గాలిలో యాసిడ్ ఆవిరి ఎక్కువైతే కూత పెడుతుంది. దాని తెలివి అంతంతమాత్రం, వేడినీళ్ళతో నేల కడిగినా అదే కూత. ఆ గోల భరించలేక, కడిగేంతసేపూ ఎవరో ఒకరం మా గ్లౌజు ఒకటి తీసి, ఆవిరి లోపలికి పోకుండా దాని మూతికి తొడుగుతాం. ఎవరు తొడిగితే వాళ్ళే తీయాలి. అంతవరకూ ఒంటి గ్లౌజుతో తిరగాలి, ఉత్త చెయ్యే గుర్తు. మరిచిపోయినా పక్కవాడు చూసి, "అలారానికి ఊపిరాడటం లేదు, తియ్యవయ్యా" అంటాడు. తొమ్మిదేళ్ళుగా ఇలాగే నడిచింది.

ఆ రోజు తొడిగింది నేను. షిఫ్టు ఇంచార్జిని, వద్దనాల్సినవాణ్ణి. కడగడం అవుతుండగా స్టోర్ కీపరు నీ పార్సిల్ తెచ్చి ఇచ్చాడు. ఆత్రం ఆగక అక్కడే విప్పాను. కొత్త జత రెండు చేతులకూ తొడుక్కుని, "మా ఆవిడ కుట్టింది" అని షెడ్డంతా తిరిగి చూపించాను. నా రెండు చేతులూ నిండుగా ఉన్నాయి. ఎవరూ అడగలేదు, నాకూ గుర్తు రాలేదు.

అరగంటకు ఆవిరిని బయటికి లాగే ఫ్యాను బెల్టు తెగింది. అది తెలియక బావ వాల్వు బిగించడానికి తొట్టి పక్క గుంతలోకి దిగాడు. మాస్కు మెడలోనే వేలాడుతోంది, అంతవరకూ తప్పు ఆయనదే. దగ్గు వినపడి నేను పరుగెత్తేసరికి గోడకు జారగిలబడి ఉన్నాడు. తలెత్తి చూస్తే అలారం మూతికి నా పాత పసుపు గ్లౌజు. లాగేశాను. అప్పుడు మోగింది. ఆ మోతకే నలుగురూ మాస్కులతో వచ్చి ఆయన్ని పైకి తీశారు. వాళ్ళు వచ్చేసరికి అలారం మోగుతోంది. గ్లౌజు నా జేబులో ఉంది.

"అంత మోగుతున్నా వినిపించుకోలేదు" అని అందరూ అన్నారు. నేను కాదనలేదు. పన్నెండు రోజులు కాదనలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, నీకు మొహం ఎలా చూపించాలా అని అంతకన్నా ఎక్కువ భయపడ్డాను. ఇందులో నీ గ్లౌజుల తప్పు రవ్వంత కూడా లేదు. నువ్వు అలా అనుకుంటావనే ఇన్నాళ్ళూ రాయలేకపోయాను.

నిన్న సాయంత్రం బావకు చెప్పేశాను. "అయితే నాకు బాగానే వినపడుతోందన్నమాట" అని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఈ ఉదయం సేఫ్టీ ఆఫీసరుగారికి అంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆవిడ చదివి, "ఇంకా ఎంతమంది చేస్తారు ఈ పని?" అని అడిగింది. "అందరం మేడమ్" అన్నాను. అప్పటికప్పుడు షెడ్లన్నీ తిరిగితే మరో రెండు అలారాలకు గ్లౌజులు కనిపించాయట. బావకు చెవి పరీక్ష రద్దు చేశారు. నన్ను విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు.

ఈ సంగతి చెబుదామని మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాను. బావ గోడవైపే తిరిగి ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పి, పాలు బల్లమీద పెట్టి బయల్దేరాను. గుమ్మం దగ్గర ఆగి, నాకే వినపడనంత మెల్లగా, "తప్పైపోయింది బావా" అన్నాను.

ఆయన కదల్లేదు.

"వినపడింది, ఫో" అన్నాడు.

నువ్వు కూడా ఏదో ఒకటి రాయి. తిట్టినా సరే.

ఇట్లు,
మీ అన్నయ్యకూ నీకూ తప్పుచేసిన
మీ ఆయన