పచ్చ డ్రమ్ముకు అన్నం

మంగళవారం, రాత్రి

ఈ రోజు మంచి అన్నం నా చేత్తోనే పారబోశాను. తిండి వృథా చేయకూడదని కొత్త రూలు వచ్చింది కాబట్టి!

పోయిన వారం మున్సిపాలిటీ తనిఖీ ఆయన నా మెస్సు వెనక పచ్చ డ్రమ్ము పెట్టించాడు. మిగిలిందంతా అందులో వేసి ఎరువు చేయాలట. ఈ మధ్యాహ్నం వచ్చి మూత తీస్తే డ్రమ్ము ఖాళీ.

"వేస్టు యాడమ్మా?"

"మిగల్దు సార్. రాత్రి అన్నం పొద్దున సద్దికి పనికొస్తాది. కుడితి పక్కింటి ఓబులమ్మ బర్రెకు పోతాది."

"బర్రె తాగినట్టు రుజువేముండాది? మోరీలో పోస్తాండావు నువ్వు. సాయంత్రం వస్తా. డ్రమ్ము ఇట్లే ఉంటే మెస్సుకు తాళమే."

సిమెంటు లారీలు తోలి ఆకలితో వచ్చేవాళ్లు కంచంలో మెతుకు వదలరు. అది ఆయనకు అబద్ధంలా వినబడింది.

సాయంత్రం అప్పుడే వార్చిన అన్నం గంపెడు తెచ్చి డ్రమ్ములో పోశాను. పొగలు పోతున్నాయి. ఆయన వచ్చి ఫోటో తీసుకుని నవ్వాడు. "చూస్తివా, చెప్తే దారికొస్తారు మీరు. రోజూ ఇట్లే ఫోటో పంపించు."

ఆయన పోయాక ఓబులమ్మ బిందె పట్టుకొని వచ్చి డ్రమ్ములోకి తొంగి చూసింది.

"అన్నం బాగానే ఉండాది కదక్కా, దీంట్లో పోస్తివేమి?"

బర్రె తాగిన కుడితి లెక్కలోకి రాదు, కుళ్లిన అన్నమే వస్తుందని చెప్పనా? ఆమె బిందెలో కుడితి పోసి, గిన్నెలు తోమడానికి కూర్చున్నాను.

పడుకోబోయే ముందు రేపటి బియ్యం కొలిచి పెట్టాను. డ్రమ్ముకు కూడా కలిపి.