పంది ముక్కు ప్లగ్గు

యోంగ్డో, పుసాన్

సూ-గ్యాంగ్ నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా అని రాయడం ఆచారం గనుక రాస్తున్నాను. మీరూ, ఓడలో మీ తోటివాళ్ళూ క్షేమమని తలుస్తాను.

జపాను రేవు నుంచి మీరు పంపిన రైస్ కుక్కర్‌కు ఆ ఇనప దిమ్మ ఎందుకని అడిగారు. మన వీధికి ఇప్పుడు రెండువందల ఇరవై వోల్టుల కరెంటు ఇచ్చారు. కుక్కరేమో వందకు చేసినది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. కొట్టాయన పియో గారు ఒకటి విప్పి చూపించారు. ఇనప రేకుల దిమ్మకు రెండు తీగచుట్టలు, ఒకదానికొకటి ఎక్కడా తగలవు.

"గోడలోంచి వచ్చే కరెంటు అటూ ఇటూ ఊగుతుంటుందమ్మా. దాంతో ఇనుములో అయస్కాంతం పుడుతూ, తిరగబడుతూ ఉంటుంది. ఆ కదలికే రెండో చుట్టలో కరెంటు పుట్టిస్తుంది. అక్కడ చుట్లు సగమైతే వోల్టులూ సగమే" అన్నారు. వీధి స్తంభం మీది డబ్బా చేసేదీ ఇదే పనిట.

అత్తయ్యకు ఎన్నిసార్లు చెప్పానో! వింటేనా? "వండకపోయినా వెచ్చగా ఉంటోంది, కరెంటు తాగేస్తోంది" అని రోజూ ఆ దిమ్మను పీకేసేవారు. చివరికి బజారు నుంచి పంది ముక్కు ప్లగ్గు తెచ్చుకున్నారు. చపటా పుల్లల ప్లగ్గును గుండ్రటి కన్నాల్లో పట్టించే ముక్క, అంతే.

"పట్టింది కదే! ఇంకా ఆ దిమ్మెందుకు?"

"పడితే చాలా అత్తయ్యా? అది వోల్టులు తగ్గించదు!"

"నువ్వూ, నీ వోల్టులూ!"

నేను చేపల మార్కెట్‌కు పనికి వెళ్ళగానే తగిలించేశారు. తిరిగొచ్చేసరికి వంటిల్లంతా పొగ. ఆవిడ కుక్కర్ పక్కనే కూర్చుని మూత కోసం తడుముతున్నారు. అరచేయి కాలింది.

"ఇంత పొగ కనబడలేదా!" అని అరిచాను.

"లేదే" అన్నారు, తల దించుకుని. "చాన్నాళ్ళుగా అంతా మసకే. వాడికి రాయకు. పని మానేసి ఓడ దిగొచ్చేస్తాడు."

మన దగ్గర ఆవిడ ఇన్నాళ్ళూ దాచింది ఇదే. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆవిడ మీద, మీ మీద, ఆ కుక్కర్ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. వద్దు వద్దంటున్నా లాక్కెళ్ళి ఒక కంటికి ఆపరేషన్ చేయించాను. నిన్న కట్టు విప్పారు. ఏం కనబడుతోందని డాక్టరు అడిగితే, అత్తయ్య నన్నే చాలాసేపు చూశారు.

"ఇదేంటే, ఇంత చిక్కిపోయావు? నాకు చెప్పొద్దూ?"

దాచిపెట్టడం గురించి అడిగేది ఆవిడా!

మీరు దిగి రానక్కర్లేదు. ఈసారి ఉత్తరం మాత్రం ఆవిడ పేర రాయండి. తనే చదువుకుంటారట, ఆ కవరు నన్ను ముట్టుకోవద్దన్నారు.

ఇట్లు,
మీ ఇల్లాలు
బొక్-నం