దహలీజ్ కేంద్రంలో నేను కొట్టిన రెండు దెబ్బలు

డిప్యూటీ పోలీసు కమిషనర్ శ్రీ సుధీంద్ర గారి సముఖమునకు,

మయూర్ విహార్ నివాసి, కేంద్ర ప్రభుత్వ విశ్రాంత ఉద్యోగిని అనసూయ వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా కుమారుడు సుహాస్ తల పగిలిన కేసులో కనకయ్యను విడిచిపెట్టి, నన్ను అదుపులోకి తీసుకొనుట గురించి.

అయ్యా,

తాము తెలుగువారని తెలిసి తెలుగులో వ్రాసుకొంటున్నాను. ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళమీద హిందీలో నోటింగులు రాశాను గాని, ఈ సంగతి ఆ భాషలో రావడం లేదు.

1. నా కుమారుడు సుహాస్, వయసు ముప్పై మూడు, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆరేళ్ళుగా హెరాయిన్‌కు బానిస. నేనూ నా కోడలు ప్రవల్లికా రెండేళ్ళుగా ప్రతి శనివారం దహలీజ్ (హిందీలో గుమ్మం) అనే స్వచ్ఛంద సంస్థ కేంద్రానికి వెళ్తున్నాం. మత్తుకు అలవాటైనవారు మళ్ళీ సూది పట్టకుండా అక్కడ రోజూ మందు ఇస్తారు. మావంటి ఇంటివారిని కూర్చోబెట్టి మాట్లాడనిస్తారు. దాన్ని నడిపే కనకయ్య సిద్దిపేట మనిషి. ఒకప్పుడు తానూ సూది పొడుచుకొని, జైలుకు వెళ్ళివచ్చి, మానుకొన్నవాడు.

2. గత నెల మూడవ శనివారం పగలు పదకొండు గంటలకు సుహాస్ అక్కడికి వచ్చాడు. ఇంటి గుట్టు బయటపెడుతున్నావంటూ ప్రవల్లికను జుట్టు పట్టి కుర్చీలోంచి లాగి, ముఖం గోడకేసి కొట్టాడు. రెండు పళ్ళు నేలమీద పడ్డాయి; ఆమెకు స్పృహ తప్పింది, మిగతావారు బయటికి పరుగెత్తారు. అడ్డం వెళ్ళిన కనకయ్య చేతిని గోడనుంచి రాలి పగిలిన అద్దం ముక్కతో మోచేతి దాకా చీల్చాడు. అతన్ని కింద పడేసి గొంతుమీద మోకాలు పెట్టాడు. కనకయ్య కళ్ళు తేలవేశాడు. అప్పుడు నేను గోడకున్న మంటలార్పే సిలిండర్ తీసి, నా బిడ్డ తలమీద వెనుక నుంచి కొట్టాను.

3. వాడు పక్కకు ఒరిగాడు. ఇక కొట్టనవసరం లేదు. నేను మళ్ళీ కొట్టాను. మొదటి దెబ్బ ఇద్దరి ప్రాణాల కోసమని చెప్పగలను. రెండవది ఆరేళ్ళ కోపం. ఎముక విరిగిన చప్పుడు దానికే వినబడింది. దయచేసి దీనిని ఆత్మరక్షణ కింద వ్రాయవద్దు.

4. పోలీసులు వచ్చేలోగా కనకయ్య నా చేతిలోని సిలిండర్ లాక్కున్నాడు. “అమ్మా, మీరు లోపలికి పోతే ఆ పిల్ల ఆగమైతది. జైలు నాకు కొత్త కాదు,” అన్నాడు. వచ్చిన ఎస్సైతో తానే కొట్టానన్నాడు. నేను పక్కనే నిలబడి ఊరకున్నాను. పంతొమ్మిది రోజులు ఊరకున్నాను.

5. కాలనీవారి ఫిర్యాదుపై కేంద్రానికి సీలు వేశారు. మందు ఆగిపోయినవారిలో శివకుమార్ అనే ఆటో డ్రైవరు మళ్ళీ సూది పట్టి, మొన్న పార్కు గోడ పక్కన చనిపోయాడు. అతని భార్య గౌరి శనివారాలు నా పక్కనే కూర్చునేది. నిన్న మా గుమ్మంలో నిలబడి, “కనకయ్య భయ్యా ఉంటే బతికేవాడు ఆంటీ,” అని మాత్రం అంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

కావున కనకయ్యను విడుదల చేయించి, సీలు తీయించి, నాపై కేసు నమోదు చేయించ ప్రార్థన. ప్రవల్లికకు అంతా చెప్పాను. సోమవారం ఉదయం పది గంటలకు నేనే తమ కార్యాలయానికి వస్తాను. నా వయసును చూడక, జరిగినదానినే చూసి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అనసూయ

మరొక విన్నపం: ఆసుపత్రిలో సుహాస్‌కు నిన్నటి నుంచి స్పృహ ఉంది, మాట రాలేదు. నర్సులు గంజి పట్టబోతే చెంచా కొరుకుతున్నాడు. నన్ను తీసుకెళ్ళాక, అక్కడున్న వాళ్ళకు ఒక్క మాట చెప్పించు బాబూ. చెవి దగ్గరకు వంగి తెలుగులో “ఆఁ అను నాన్నా” అంటే, వాడు నోరు తెరుస్తాడు.