తలుపు తాళం వేసి ఉన్నది

పోస్టుమాస్టరు గారికి,

అయ్యా, మా చెల్లెలు నాకు రాసిన మూడు ఉత్తరాలను మీ పోస్టుమాన్ “తలుపు తాళం” అని రాసి ఆమెకే తిప్పి పంపారు. తాళం మాట నిజమే. ఆయన మా ఇంటికొచ్చే పదకొండింటికి నేను రోజూ మీ కౌంటరు ముందు నిలబడి, “నాకేమైనా ఉత్తరాలొచ్చాయా?” అని అడుగుతుంటాను. “ఇంటికే తెచ్చిస్తారు, వెళ్ళండి” అంటారు మీ గుమాస్తా.

నేనే తిప్పికొడుతున్నాననుకుని చెల్లెలు అలిగిందని బావగారు కబురంపారు. నాకు కోపం లేదని వెంటనే రాశాను. నిన్న అదీ తిరిగొచ్చింది. దాన్ని మాత్రం మీ పోస్టుమాన్ తాళం వేసిన తలుపు కిందనుంచి చక్కగా లోపలికి తోసి వెళ్ళారు. దాని మీదా “తలుపు తాళం” అనే ఉంది. పిచ్చిది, మా చెల్లెలూ నాలాగే వాళ్ళ పోస్టాఫీసు కౌంటరు ముందు నిలబడి ఉంటుంది.

దయచేసి రేపు పదకొండింటికి ఆ పోస్టాఫీసుకి ఫోన్ కలిపించండి. నేనెలాగూ మీ దగ్గరే ఉంటాను.

ఇట్లు,
మీ కౌంటరు ముందు రోజూ కనబడే మనిషి