గొర్రెల సంత దగ్గర దిగినవాడు

అనీపాకు,

బిష్కెక్ నుంచి సగిన్ రాస్తున్నాను. ఇక్కడ నేనూ, నీ టమాటా మొక్కలూ బాగానే ఉన్నాం. కొండమీద నువ్వూ, మీ తమ్ముడు కుబాత్, గుర్రాలూ బాగున్నారని తలుస్తాను. నువ్వు పంపిన ఎండు పెరుగు ఉండలు అందాయి. మోకాలి సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడు తప్ప నొప్పి లేదు.

‘మీ ఆయన ఏ హంతకుణ్ణి కారులో తిప్పాడని కాపరులంతా నన్ను అడుగుతున్నారు’ అని రాశావు. చదివి నవ్వాను గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మా డైరెక్టరు తెమిర్కుల్ తీసింది కల్పిత సినిమానే. లేని గవర్నరు, లేని హత్య, లేని కుట్ర. కాకపోతే సాక్షుల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగినట్టు, అంతా నిజంగా జరిగినట్టు తీశాడు. నాది హంతకుణ్ణి ఎక్కించుకెళ్లిన డ్రైవరు వేషం. టీవీలో వేశాక జనం నమ్మేశారు. ఇన్నేళ్లు నాటకాల్లో రాజుగా వేస్తే గుర్తుపట్టనివాళ్లు, ఇప్పుడు రొట్టెల కొట్లో నన్ను చూసి పక్కకి జరుగుతున్నారు.

పోయినవారం సైరా అనే ఆవిడ వచ్చింది. ఓష్ దారిలో ఒక ఎంపీని కాల్చేశారు, గుర్తుందా? ఆ కేసులో జైల్లో ఉన్న మెకానిక్కే ఆవిడ భర్త. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

“అన్నా, చంపినవాడు గొర్రెల సంత దగ్గర కారు దిగి సర్కారు జీపెక్కాడని సినిమాలో చెప్పావు. మా ఆయన అది కళ్లారా చూశాడు. చూశానని చెప్పినందుకే నేరం ఆయన మీద వేశారు. నీకెలా తెలిసింది?”

రాసిచ్చింది చదివానమ్మా అని పంపేశాను. ఆ మర్నాడే ఇద్దరు మగవాళ్లు వచ్చారు. మర్యాదగా చెప్పులు విప్పి, టీ తాగి, అదే ప్రశ్న అడిగారు. నటుణ్ణి, నోటికొచ్చింది అన్నాను. వాళ్లలో పెద్దవాడు గోడమీది నీ ఫొటో చూస్తూ, “మీ ఆవిడ ఎక్కడుంది పెద్దాయనా?” అన్నాడు. తోక్మోక్‌లో చెల్లెలి దగ్గరుందని అబద్ధం చెప్పాను. అప్పట్నుంచీ మన వీధి మొదట్లో ఒక కారు ఆగి ఉంటోంది. నేను మా నాటకాల థియేటర్లోనే పడుకుంటున్నాను.

అనీపా, ఇంతసేపూ అసలు మాట చుట్టూ తిరుగుతున్నాను. ఆ జీపు మాట తెమిర్కుల్ రాయలేదు. నేను కల్పించిందీ కాదు. నౌరూజ్ పండక్కి నువ్వు వంటింట్లో ఉండగా కుబాత్ తాగి నాతో చెప్పుకున్నాడు. అప్పట్లో వాడు ఆ ఎంపీకి కాపలా మనిషి. హత్య జరిగిన రోజు పనికి రావద్దన్నారట. అనుమానమొచ్చి వెనకే వెళ్లి, అంతా చూసి, ప్రాణభయంతో నోరు కుట్టేసుకున్నాడు. ఎవరికీ చెప్పనని వాడి చెయ్యి పట్టుకుని ఒట్టేశాను. కెమెరా ముందు మాటలు తడుముకుంటుంటే అదే బయటికొచ్చింది.

నిన్న సైరాతో వాళ్ల లాయరు దగ్గరికి వెళ్లాను. చూసినవాడొకడు నాతో చెప్పాడన్నాను గానీ పేరు చెప్పలేదు. విన్నమాట కోర్టులో నిలవదు, చూసినవాడే రావాలన్నాడు లాయరు.

ఇది కుబాత్‌కి చదివి వినిపించు. తిడితే తిట్టనీ. రానంటే గుర్రాలు తోలుకుని సరిహద్దు వైపు ఇంకా పైకి వెళ్లిపోండి. వస్తానంటే, ఈ ఉత్తరం తెచ్చిన లారీ డ్రైవరు సైరా తమ్ముడే, అతనితో రండి. వాణ్ణి బలవంతం చెయ్యకు. వాడొచ్చినా రాకపోయినా బుధవారం కోర్టులో నేను సాక్షి బోనెక్కుతున్నాను. వేషం లేకుండా జనం ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. చాలా భయంగా ఉంది.

ఇట్లు,
నీ భర్త, కుబాత్‌కి ముఖం చూపించలేని బావ,
సగిన్